వేలితో చదివిన గీతలు

మొన్న ఇంట్లో ఎవరో జుట్టుకు వేసే రంగు కలుపుతుంటే గిన్నెలోంచి ఘాటు వాసన ఒక్కసారి ముక్కుకి కొట్టింది. కిటికీలు తీయండని అందరూ గోల పెడుతుంటే నేను మాత్రం ఇంకో అడుగు దగ్గరికి వేసి మరోసారి పీల్చాను. అమ్మోనియా! ఉద్యోగంలో చేరిన కొత్తలో ప్రింట్ గది తలుపు తీస్తే వచ్చిన వాసన అదే. కళ్లలో నీళ్లు తిరుగుతుంటే ఇంట్లోవాళ్లు వింతగా చూశారు. ఏం చెప్పను? కరెంటు సర్క్యూట్ల డ్రాయింగులు గుర్తొచ్చాయంటే నవ్వుతారు.

ప్రింట్ గదిలో పొడవాటి మిషన్ ఒకటి ఉండేది. ట్రేసింగ్ షీటుని, అంటే ఇంకుతో బొమ్మ గీసిన పారదర్శక కాగితాన్ని, పూత పూసిన ప్రింటు కాగితం మీద పరిచి, రెండూ కలిపి రోలర్ల మధ్యకి పంపాలి. దీపం వెలుతురు సోకిన చోటల్లా పూత చచ్చిపోతుంది. గీత అడ్డుపడిన చోట మాత్రం బతుకుతుంది. ఆ బతికినదానికి అమ్మోనియా ఆవిరి తగలగానే తెల్ల కాగితం మీద నీలం గీతలు లేచేవి. అప్పుడే బయటికొచ్చిన ప్రింటు వెచ్చగా, కాస్త తడిగా ఉండేది. పాత బీరువా అడుగు అరలో అంతకుముందు తరంవి కూడా కొన్ని మిగిలాయి. అవి ముదురు నీలం కాగితం మీద తెల్ల గీతలు. 1842లో జాన్ హెర్షెల్ కనిపెట్టిన పద్ధతి. వాటిని ముట్టుకుంటే పెళుసుగా విరిగేవి, అందుకని మమ్మల్ని ముట్టుకోనిచ్చేవాళ్లు కాదు.

పొడుగు గీత, పొట్టి గీత

సర్క్యూట్ బొమ్మ మొదటిసారి చూసింది బడిలో, సైన్సు పుస్తకంలో. నిజం చెప్పాలంటే నచ్చలేదు. అప్పటికే ఇంట్లో టార్చిలైటు విప్పి చూసినవాణ్ని. లోపల రెండు బ్యాటరీలు, స్ప్రింగు, రేకు ముక్క, బల్బు. పుస్తకంలో చూస్తే స్కేలు పెట్టి గీసిన నలుచదరం, ఓ పక్క చిన్నా పెద్దా గీతలు, ఇంకో పక్క సున్నాలో ఇంటూ గుర్తు. టార్చి గుండ్రంగా ఉంటే బొమ్మకి మూలలు ఎందుకొచ్చాయని అడిగాను. క్లాసంతా నవ్వింది. మాస్టారు నవ్వలేదు. "టార్చి ఎలా ఉంటుందో చెప్పడానికి కాదురా ఈ బొమ్మ, కరెంటు ఎటు తిరిగి ఎటు వస్తుందో చెప్పడానికి" అన్నారు.

పొడుగు గీత ప్లస్సు, పొట్టి గీత మైనస్సు. గుర్తుండకపోతే పొడుగుదాన్ని రెండు ముక్కలు చేస్తే ప్లస్సు అవుతుందని ఆయనే చెప్పారు. ఇప్పటికీ కొత్తవాళ్లకి నేను అదే చెబుతాను. కరెంటు బాణం ప్లస్సు నుంచి మైనస్సుకి వేయించారు. తీరా పై క్లాసుకి వెళ్లాక ఎలక్ట్రాన్లు పోయేది మైనస్సు నుంచి ప్లస్సుకి అన్నారు. ఈ గొడవకి మూలం బెంజమిన్ ఫ్రాంక్లిన్. 18వ శతాబ్దంలోనే ఆయన ప్లస్సు మైనస్సు పేర్లు పెట్టేశాడు. జె.జె. థామ్సన్ ఎలక్ట్రాన్‌ని పట్టుకునేసరికి 1897 వచ్చింది. అప్పటికే బాణాలన్నీ ఎక్కేసి కూర్చున్నాయి. వాటిని ఎవరూ తిప్పలేదు, తిప్పకపోయినా సర్క్యూట్లు పని చేస్తూనే ఉన్నాయి.

బొమ్మ మీద నాకు నమ్మకం కుదిరింది మాత్రం రెండు బల్బుల దగ్గర. ఒకటి 40 వాట్లు, ఒకటి 100 వాట్లు, రెండూ సిరీస్‌లో. స్విచ్ వేయకముందు ఏది బాగా వెలుగుతుందని అడిగితే అందరం వందే అన్నాం. వేస్తే 40 వాట్లది వెలిగింది, వందది ఎర్రగా మిణుకుమంది. మాస్టారు పలక మీద గీసి చూపించారు. సిరీస్ గీతలో కరెంటు ఒక్కటే, మధ్యలో ఎటూ చీలే దారి లేదు. 230 వోల్టులకి లెక్క కడితే 40 వాట్ల బల్బు రెసిస్టెన్స్ సుమారు 1,320 ఓములు, వందది 530. ఎక్కువ రెసిస్టెన్స్ ఉన్నదే ఎక్కువ వోల్టేజీ లాక్కుంటుంది, కాబట్టి చిన్న బల్బుకే వెలుగు. కంటితో చూసి తప్పు చెప్పినది గీత గీస్తే తేలిపోయిందన్నమాట.

బ్లేడు, గోరు, ఇంకు

డ్రాయింగ్ ఆఫీసులో ఎప్పుడూ ఒకటే చప్పుడు. టీ స్క్వేర్ బోర్డు అంచు మీద జారడం, దాని వెనకే సెట్ స్క్వేర్ టక్కుమని ఆనడం. మాట్లాడేవాళ్లు తక్కువ. గీత మధ్యలో ఉన్నప్పుడు ఎవరైనా పిలిస్తే తల ఎత్తేవాళ్లు కాదు, గీత చివరికి వచ్చాకే పలికేవాళ్లు. అది పొగరనుకున్నాను మొదట్లో.

ఇంకు పెన్నులది ఇంకో కథ. సన్న మొనవి ఊరికే పూడుకుపోయేవి. చెవి దగ్గర పెట్టి ఊపి, లోపలి సూది కదులుతున్న చప్పుడు వినిపిస్తేనే గీత మొదలుపెట్టాలి. గీత తప్పితే రబ్బరుకి లొంగదు. బ్లేడుని సగానికి విరిచి, దాని మూలతో ట్రేసింగ్ మీది ఇంకు పొరని మాత్రమే గీకాలి. గీకిన చోట గోటితో రుద్ది నునుపు చేయాలి, లేకపోతే మళ్లీ గీసిన ఇంకు పీచులు పీచులుగా పాకుతుంది. సీనియర్ డ్రాఫ్ట్స్‌మన్‌లకి బొటనవేలి గోరు ఎప్పుడూ నల్లగానే ఉండేది.

గుర్తులకి ప్లాస్టిక్ స్టెన్సిల్ ఉండేది. కాయిల్, కాంటాక్ట్, ఫ్యూజు, దీపం, అన్నిటికీ కంతలే. దేశాన్ని బట్టి గుర్తులు మారతాయని నాకు తెలిసింది కూడా అక్కడే. అమెరికా డ్రాయింగులో రెసిస్టెన్స్ అంటే రంపపు పళ్లలా వంకరగీత, ఐఈసీ అనే అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ పద్ధతిలో అయితే ఉత్త పెట్టె. రిలే అంటే కాయిల్‌లో కరెంటు పారగానే అయస్కాంతంలా లాగి కాంటాక్టుల్ని కలిపే, విడదీసే స్విచ్. అమెరికా పద్ధతిలో దాని కాంటాక్ట్‌కి రెండు నిలువు గీతలు వేస్తారు, చూడ్డానికి అచ్చం కెపాసిటర్. విదేశం నుంచి వచ్చిన ఒక మిషన్ డ్రాయింగు చూసి మాలో ఒకడు "ఇన్ని కెపాసిటర్లు ఎందుకు పెట్టారండీ?" అని అమాయకంగా అడిగాడు. 'కెపాసిటర్' అన్న పేరు వాడికి చాలాకాలం నిలిచిపోయింది.

"నోటితో చదువు"

డ్రాయింగ్ ఆఫీసు నుంచి మిషన్లుండే వర్క్‌షాపులోకి మార్చాక ఫోర్‌మన్ గారి చేతిలో పడ్డాను. గీయడం వచ్చు కాబట్టి చదవడం కూడా వచ్చనుకుంటూ వెళ్లాను. ఆయన మోటార్‌ని నడిపే స్టార్టర్ షీటు ఒకటి నా ముందు పెట్టి "చదువు" అన్నారు. నేను చూస్తూ కూర్చున్నాను.

"కళ్లతో కాదు, నోటితో చదువు."

"ఇందులో చదవడానికి ఏముంది సార్, గీతలేగా?"

నా చూపుడువేలు పట్టుకుని షీటు ఎడమవైపు పై మూలన పెట్టారు. "ఫేజ్ ఇక్కడ బయల్దేరింది. ఫ్యూజు దాటింది. మోటార్ మీద భారం ఎక్కువైతే తెరుచుకునే ఓవర్‌లోడ్ రిలేలో 95 నంబరు టెర్మినల్‌లో దూరి 96లో తేలింది. స్టాప్ బటన్ మామూలుగా మూసే ఉంటుంది, దాటింది. ఇప్పుడు స్టార్ట్ బటన్ దగ్గరికొచ్చింది. పో."

"పోదు సార్, తెరిచి ఉంది."

"అయితే నొక్కు."

కాగితం మీదే నొక్కాను. వేలు కాంటాక్టర్ (మోటార్‌కి కరెంటు ఇచ్చే పెద్ద రిలే) కాయిల్ ఒక కొన ఏ1లోకి వెళ్లి, రెండో కొన ఏ2లోంచి న్యూట్రల్‌కి చేరింది. "కాయిల్ లాగింది, మోటార్ తిరిగింది. ఇప్పుడు బటన్ మీంచి వేలు తీసేశావ్. మోటార్ ఆగిందా?"

ఆగాలి కదా అనిపించింది. కానీ స్టార్ట్ బటన్‌కి పక్కనే, దానికి పారలల్‌గా 13, 14 అని ఒక చిన్న కాంటాక్ట్ ఉంది. ఆ కాంటాక్టర్‌దే. కాయిల్ లాగగానే అదీ మూసుకుంది. ఇక బటన్ వదిలినా దారి అటునుంచి ఉంది. తన కాయిల్‌ని తన కాంటాక్టే పట్టుకుని ఉంటుంది. కరెంటు పోయి వస్తే ఆ పట్టు వదిలిపోయి ఉంటుంది కాబట్టి మళ్లీ ఎవరో ఒకరు స్టార్ట్ నొక్కితే తప్ప మోటార్ తిరగదు. ఆ స్టార్టర్‌ని నేను అప్పటికే ఎన్నోసార్లు ట్రేస్ చేసి ఉన్నాను. ఆ చిన్న కాంటాక్ట్ ఎందుకుందో ఒక్కసారీ అడగలేదు, ఎవరూ నన్నూ అడగలేదు.

ఆయన మాటల్లో బాగా పట్టుకున్నది ఒకటుంది. "బొమ్మలో అందరూ నిద్రలో ఉంటారు. ఎవరు ముందు లేస్తారో, లేచి ఎవర్ని లేపుతారో అదే నువ్వు చెప్పాల్సింది" అనేవారు. అసలు రూలు అదే. కరెంటు లేనప్పుడు, ఎవరూ బటన్ నొక్కనప్పుడు కాంటాక్టులు ఎలా ఉంటాయో అలాగే గీస్తారు. నడుస్తున్న మిషన్ ముందు నిలబడి ఆగిపోయిన మిషన్ బొమ్మ చదవడం కొత్తవాళ్లకి మింగుడుపడదు. తెరిచినట్టు గీసింది ఈ క్షణాన మూసుకుని ఉండొచ్చు, మూసినట్టు గీసింది తెరుచుకుని ఉండొచ్చు. నోటితో చదివితే ఆ మార్పు వరసలో పట్టుబడుతుంది. మౌనంగా చూస్తే మనసు రెండు మెట్లు ఎగిరి దూకేస్తుంది.

మోటార్ వైండింగుల్ని ముందు స్టార్‌గా కలిపి లేపి, తర్వాత డెల్టాగా మార్చే స్టార్-డెల్టా స్టార్టర్ ఆగకుండా చదవగలిగితే ఆయన దృష్టిలో మనిషి పాసైనట్టు. మూడు కాంటాక్టర్లు, ఒక టైమర్. మెయిన్ లాగుతుంది, స్టార్ లాగుతుంది, వైండింగుకి లైన్ వోల్టేజీలో 58 శాతమే అందుతుంది, లైన్ నుంచి తీసుకునే స్టార్టింగ్ కరెంటు నేరుగా డెల్టాలో వేస్తే లాగేదాంట్లో మూడోవంతుకి దిగుతుంది. మోటార్ వేగం అందుకున్నాక టైమర్ స్టార్‌ని వదిలించి డెల్టాని లాగుతుంది. ఇక్కడ ఆయన చదువు ఆపేసేవారు. "రెండూ ఒకేసారి లాగితే?" మూడు ఫేజులూ షార్ట్. అందుకే స్టార్ కాయిల్ దారిలో డెల్టాది ఎన్‌సీ (మామూలుగా మూసి ఉండే) కాంటాక్ట్, డెల్టా కాయిల్ దారిలో స్టార్‌ది. షీటు మీద ఆ రెండు చిన్న గీతలూ వేలితో చూపించకుండా ముందుకెళ్తే మళ్లీ ఫేజ్ దగ్గర్నుంచి మొదలు.

ఒకే దీపం, రెండు బొమ్మలు

మెట్ల దీపం బొమ్మ అందరూ గీసే ఉంటారు. కింద ఒక టూ వే స్విచ్, పైన ఒకటి. ఫేజ్ ఒక స్విచ్ కామన్‌లోకి, ఆ రెండు స్విచ్‌ల మధ్య రెండు తీగలు, రెండో స్విచ్ కామన్ నుంచి దీపానికి, దీపం నుంచి న్యూట్రల్‌కి. కాగితం మీద ఇంత చక్కగా ఉంటుందా, గోడలో పైపు దగ్గరికి వెళ్లేసరికి ఇందులో ఏదీ కనిపించదు. ఏ పైపులో ఎన్ని తీగలు లాగాలో ఈ బొమ్మ చెప్పదు. దానికి ఇంకో బొమ్మ ఉంది. గది ప్లాన్ మీద ఒక్క గీత, ఆ గీత మీద చిన్న చిన్న అడ్డగీతలు. మూడు అడ్డగీతలుంటే మూడు తీగలు. ఏ తీగ ఏమిటో ఈ బొమ్మ చెప్పదు.

రెండూ పక్కపక్కన పెట్టుకుని పని చేయడం నాకు నేర్పింది ఒక పెద్ద వయసు వైర్‌మన్. ఆయన పెద్దగా చదువుకోలేదు. గోడ దగ్గర నేల మీద సుద్దముక్కతో స్విచ్ వెనకవైపు ఉన్నట్టే స్క్రూల గుర్తులు గీసుకుని, ఒక్కో తీగ లాగగానే ఆ స్క్రూకి గీత కలిపేవాడు. మూడో చోట కూడా స్విచ్ కావాలంటే మధ్యలో నాలుగు స్క్రూల ఇంటర్మీడియట్ స్విచ్ వస్తుంది. అది రెండు తీగల్ని తిన్నగా వదులుతుంది, లేదా ఇంటూలా మార్చి వదులుతుంది, అంతకుమించి దానికి పని లేదు. ఇంజినీర్లు కూడా తికమకపడే చోట ఆయన సుద్దతో ఆ ఇంటూ గుర్తు వేసి "ఇదే బాబూ" అనేవాడు. స్విచ్ ఫేజ్‌లో కాకుండా న్యూట్రల్‌లో పెట్టిన బోర్డు కనిపిస్తే మాత్రం ఆ శాంతం అంతా పోయేది. దీపం ఆరుతుంది, కానీ హోల్డర్‌లో ఫేజ్ అలాగే కూర్చుని ఉంటుంది. బల్బు మార్చేవాడికి ఆ సంగతి తెలియదు కదా.

చుక్క

అడ్డంగా పోయే గీత, నిలువుగా పోయే గీత. కలిసే చోట చుక్క ఉంటే అతుకు, లేకపోతే ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా దాటిపోయినట్టు. ఎంత చిన్న సంగతి! ప్రింటు మీద ప్రింటు, దాని మీద ఇంకో ప్రింటు తీసే కాలంలో ఇది చిన్న సంగతి కాదు. చుక్క వెలిసిపోవచ్చు, ఈగ వాలి కొత్త చుక్క పెట్టొచ్చు.

ఒకచోట అలారం ప్యానెల్ కొత్తగా వైరింగ్ చేసి వచ్చింది. అన్ని ఫాల్టులకీ గంట మోగుతోంది, ఒక్కదానికి దీపం వెలుగుతోంది గానీ గంట మోగడం లేదు. రిలే మార్చారు, గంట మార్చారు, పూట గడిచిపోయింది. వైరింగు చేసినవాళ్లు ప్రింటులో ఉన్నది ఉన్నట్టే చేశారు, వాళ్ల తప్పేమీ లేదు. చివరికి ఎవరో బీరువాలోంచి అసలు ట్రేసింగ్ తీయిస్తే, నాలుగు గీతలు కలిసిన ఒక కూడలిలో చుక్క ఉంది. ప్రింటులో లేదు. రెండు టెర్మినళ్లని కలుపుతూ ఒక చిన్న తీగముక్క, జంపర్, వేయగానే గంట మోగింది.

ఆ రోజు తర్వాత డ్రాయింగ్ ఆఫీసులో నాలుగు గీతల కూడలి గీయడమే మాన్పించారు. రెండు గీతల్నీ కొంచెం పక్కకి జరిపి రెండు వేరు వేరు టీ మలుపులుగా గీయాలి. అప్పుడు చుక్క చెరిగినా అతుకు అతుకుగానే కనిపిస్తుంది, టీ మలుపులో దాటిపోయే గీతంటూ ఉండదు కాబట్టి. మంచి పద్ధతని చాలాచోట్ల చెబుతారు గానీ, అది ఏ తలనొప్పిలోంచి పుట్టి ఉంటుందో నేను దగ్గరుండి చూశాను.

రాత్రి షిఫ్టు

రాత్రిపూట కన్వేయర్ ఆగిపోయిందంటే షాపంతా ఒక రకమైన నిశ్శబ్దం, ఆ వెంటనే టెన్షన్. ప్యానెల్ తలుపు లోపలి జేబులో మడతలు పడిన డ్రాయింగు, మడత పడిన చోటల్లా గీతలు అరిగిపోయి ఉండేవి. నూనె వేళ్ల మరకలు ఎక్కడ ఎక్కువుంటే ఆ లైనే ఎక్కువసార్లు చెడిందని అర్థం. నేనైతే ముందు మరకలు చూసి, తర్వాతే గీతలు చూసేవాణ్ని.

కాయిల్ దారిలో ఎనిమిది సేఫ్టీ కాంటాక్టులు వరసగా ఉన్నాయనుకోండి. ప్రమాదంలో లాగి ఆపే పుల్ కార్డులు, కదిలే భాగం హద్దు చేరితే పని చేసే లిమిట్ స్విచ్‌లు. ఏదో ఒకటి తెరుచుకుంది. కొత్తవాడు మొదటి దగ్గర్నుంచి ఒక్కొక్కటే చూస్తాడు. ఫోర్‌మన్ గారు మీటర్ ఒక కొన న్యూట్రల్‌కి పెట్టించి, రెండో కొన సరిగ్గా మధ్యలో పెట్టించేవారు. అక్కడ వోల్టేజీ ఉంటే తప్పు రెండో సగంలో, లేకపోతే మొదటి సగంలో. మళ్లీ ఆ సగంలో సగం. మూడుసార్లు మీటర్ పెట్టేసరికి ఒక్క కాంటాక్ట్ మిగులుతుంది. కన్వేయర్ పొడుగునా చీకట్లో నడవాల్సిన పని లేకుండా ప్యానెల్ దగ్గరే తేలిపోయేది.

ఇది సాగాలంటే వైరు నంబర్లు సరిగ్గా ఉండాలి. తీగ చివర తొడిగే ఫెరూల్ మీద ఉండే నంబరే డ్రాయింగు గీత మీద ఉంటుంది. గీత ఎన్ని టెర్మినళ్లు తిరిగినా నంబరు మారదు, ఒక కాంటాక్టో కాయిలో దాటితేనే మారుతుంది. ఫెరూల్ ఊడిపోయిన తీగని మళ్లీ నంబరు లేకుండా బిగించేవాళ్లంటే నాకు ఇప్పటికీ మంట.

అంతకన్నా మంట, చెప్పకుండా వేసిన జంపర్. ఎవరో లిమిట్ స్విచ్ పాడైందని రెండు టెర్మినళ్లు కలిపేసి లైను నడిపించుకుని వెళ్లిపోతారు. డ్రాయింగులో స్విచ్ ఉంటుంది, నిజంలో ఉండదు. అందుకే మార్పు చేసిన మనిషే ఆ ప్రింటు మీద రంగు పెన్సిలుతో గీయాలి, సంతకం పెట్టాలి. మా దగ్గర చేర్చింది ఎరుపు, తీసేసింది ఆకుపచ్చ. ఇంకో చోటికి వెళ్తే సరిగ్గా దానికి తిరగేసి ఉండేది, అందుకని ముందు రంగుల పట్టిక అడిగి కానీ ప్రింటు విప్పకూడదు.

తెర మీద నిచ్చెన

తర్వాత కంప్యూటర్లొచ్చాయి. బోర్డులు గోడకి చేరాయి, ఒకరోజు చూస్తే గోడ దగ్గర కూడా లేవు. నాకు వాటి మీద పెద్ద బెంగ లేదు. ఒక కాయిల్ కాంటాక్టులు ఏ షీటులో ఏ కాలమ్‌లో ఉన్నాయో చేత్తో రాసి, ఒకటి మారితే పదిచోట్ల బ్లేడుతో గీకినవాళ్లకి కంప్యూటర్ విలువ తెలుసు.

రిలేలు పోయి, వాటి పనిని ప్రోగ్రాముతో చేసే చిన్న కంప్యూటర్ పీఎల్‌సీ వచ్చినప్పుడు మాత్రం ఫోర్‌మన్ గారు ఏమంటారో అని అందరం చూశాం. మోడికాన్ వాళ్ల 084 అని మొట్టమొదటి పీఎల్‌సీల్లో ఒకటి, 1969 నాటిది. రిలే డ్రాయింగులు చదివే ఎలక్ట్రీషియన్లు కొత్త భాష నేర్చుకోనక్కర్లేకుండా నిచ్చెన బొమ్మనే అందులో భాష చేశారు. రెండు నిలువు గీతలు, మధ్యలో మెట్లు, ఒక్కో మెట్టు చివర ఒక కాయిల్. ఆయన రిటైర్మెంటుకి దగ్గరలో ఉన్నారు. కుర్చీ లాక్కుని తెర ముందు కూర్చుని, అలవాటుగా గాజు మీద వేలు పెట్టి చదవడం మొదలుపెట్టారు. ప్రోగ్రామర్ కుర్రాడు "సార్, తెర మీద మరకలు పడతాయండీ" అన్నాడు. వేలు ఆగలేదు. రెండో మెట్టు దగ్గర ఆగింది.

"ఇది తప్పు. స్టాప్ బటన్ మూసి ఉండాలి. నువ్వు తెరిచినట్టు పెట్టావ్."

"తప్పు కాదండీ. బయట బటన్ మూసే ఉంది. దాన్ని నొక్కనంతసేపూ ఇన్‌పుట్‌కి వోల్టేజీ వస్తూనే ఉంటుంది. లోపల ఈ గుర్తు అడిగేది ఇన్‌పుట్ ఉందా అని. ఉంది, కాబట్టి దారి ఉంది. నొక్కితే పోతుంది."

ఆయన ఒప్పుకోలేదు. మొదటి నుంచి మళ్లీ చదివారు, ఈసారి బయట తీగ దగ్గర్నుంచి. బటన్, తీగ, ఇన్‌పుట్ కార్డు మీది చిన్న దీపం, ఆ తర్వాత తెర. ఆ దీపం వెలుగుతోందో లేదో లేచి వెళ్లి చూసొచ్చారు కూడా.

"మరి ఆ బటన్‌కి పోయే తీగ తెగితే?"

"ఇన్‌పుట్ పోతుంది, మోటార్ ఆగిపోతుందండీ."

"బటన్‌ని బయట తెరిచినట్టు పెట్టి, లోపల మూసినట్టు గీసుంటే?"

కుర్రాడు కాసేపు ఆలోచించాడు. "తీగ తెగినా మోటార్ తిరుగుతూనే ఉంటుంది. స్టాప్ నొక్కినా ఆగదు."

"అదీ" అన్నారాయన. ఆ పేజీ ప్రింటు తీయించి, ఆ మెట్టు పక్కన 'బయట ఎన్‌సీ బటన్, మార్చవద్దు' అని ఎర్ర పెన్సిలుతో రాసి, కుర్రాడి చేత సంతకం పెట్టించుకుని ప్యానెల్ తలుపు జేబులో పెట్టారు.